మూడో తరగతి బొమ్మకి గ్రేడా? బోర్డు చూసి గీయించాలా, పిల్లల్ని వదిలేయాలా?

మూడోక్లాసు_అమ్మ
మా పాప నిన్న డ్రాయింగ్ బుక్ ఇంటికి తెచ్చింది. టీచర్ బోర్డు మీద ఏనుగు వేశారట. పిల్లలంతా అది చూసి గీసి రంగులు వేయాలి. మా పాప ఏనుగు వంకాయ రంగులో ఉంది. నాలుగు కాళ్లూ వరసగా పక్కపక్కనే నిలబడ్డాయి. తోక మాత్రం ఎంతో శ్రద్ధగా, చివర వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా వేసింది. పక్కనే ఎర్ర ఇంకుతో 'సి', కింద 'ఏనుగు రంగు ఇది కాదు'. పాప ఏడవలేదు. రాత్రి అన్నం తింటూ "అమ్మా, నాకు డ్రాయింగ్ రాదు" అంది. ఎనిమిదేళ్లకే తేల్చేసుకుంది. స్కూలు పేరు అనవసరం, ఆ టీచర్ మీద కోపమూ లేదు. ఈ వయసులో బొమ్మకి గ్రేడ్ ఇవ్వడం సబబేనా అన్నదే నా ప్రశ్న.

లెక్కలే_ముఖ్యం
మేడమ్, ఏమీ అనుకోకండి. మా బాబు నాలుగో తరగతి, రెండంకెల భాగహారం దగ్గర తడబడుతున్నాడు. వారానికి రెండు పీరియడ్లు డ్రాయింగ్‌కి ఇస్తున్నారు. ఆ టైమ్‌లో ఎక్కాలు చెప్పించినా ఉపయోగం. బొమ్మలు ఇంట్లో వేసుకుంటారు. గ్రేడ్ గురించి ఇంత టెన్షన్ ఎందుకు?

హయ్యర్‌గ్రేడ్_మాస్టారు
ముప్పై ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు పాసై, వేసవిలో టీటీసీ అనే డ్రాయింగ్ టీచర్ల ట్రైనింగ్ చేసి వచ్చిన పాత బాపతు. మాది కోనసీమ. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల్ని "మీ ఊరు గీయండిరా" అనేవాణ్ణి. నలభై మందిలో ముప్పై మంది ఒకే బొమ్మ ఇచ్చేవారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఏరు, గుడిసె, ఆకాశంలో నాలుగు పక్షులు. కోనసీమలో కొండెక్కడిదండీ? వాళ్ల ఊళ్లో ఉన్నది కాలవ, లాకులు, కొబ్బరి దింపు, ఏరు దాటించే పంటు. అవేవీ బొమ్మలో ఉండవు. ఒకటి నుంచి ఐదు దాకా బోర్డు చూసి దించిన ఫలితం అది. కళ్లు ఉన్నాయి, చూడటం మానేశారు.

ఇక కాళ్ల సంగతి. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన ఆస్ట్రియా నుంచి అమెరికా వెళ్లి, పిల్లల బొమ్మల్ని వయసుల వారీగా దశలు చేసి 1947లో రాశాడు. సుమారు ఏడు నుంచి తొమ్మిదేళ్ల దాకా పిల్లలు నేలకి ఒక గీత గీసి, అన్నీ ఆ గీత మీద నిలబెడతారు. తమకి ముఖ్యం అనిపించింది పెద్దగా వేస్తారు. మీ పాప కాళ్లు అలా వరసగా నిలబడటం ఆ వయసు లక్షణం, తప్పు కాదమ్మా. ఆ తోక ఉందే, అది చూసి వేసిన తోక.

చుక్కలముగ్గు
మాస్టారూ, మీ కొండల సంగతి ఒప్పుకుంటాను. కానీ చూసి గీయడాన్నే దొంగతనంలా మాట్లాడితే ఎలా? నాకు ముగ్గు నేర్పింది మా అమ్మమ్మ. ముందు ఏడు చుక్కలు, ఎదురు చుక్క. చేయి తిరిగాక పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా. అంతా చూసి వేసిందే. ఒక చుక్క తప్పితే అమ్మమ్మ కాలితో చెరిపేసేది. అలా రెండు ధనుర్మాసాలు గడిచాక నా సొంత మెలికలు తిప్పడం మొదలుపెట్టాను. 'నీకు నచ్చింది వెయ్యి' అని మొదటి రోజే పిండి గిన్నె చేతికిస్తే నాలుగు సున్నాలు చుట్టి లేచిపోయేదాన్ని. చేతికి పట్టు రాకుండా స్వేచ్ఛ ఇచ్చి ఏం లాభం?

అంకుడు
ఆవిడ మాట నిజం. మాది లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక పక్క ఊరు. అంకుడు కర్రని తరిమెన (కర్ర తిప్పి చెక్కే యంత్రం) మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. ఎంత గట్టిగా ఆనించాలో మాటల్లో చెప్పలేరు. పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చూడాలి. మా చుట్టాల పిల్లాడు ఇంట్లో బొంగరం చేస్తాడు, స్కూల్లో డ్రాయింగ్‌లో వాడికీ సి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

చాక్‌పీసు
పాడేరు వైపు ఎస్జీటీని, అంటే ప్రైమరీ బడి టీచర్ని. మాకు ఐదు తరగతులు, ఇద్దరం టీచర్లం, గదులు రెండు. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూల్ చూడండి. ప్రైమరీలో అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు చాలు. ఆర్ట్‌కి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ అన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వంద మంది దాటిన బడికే. అంటే ఐదో తరగతి దాకా డ్రాయింగ్ మాస్టారు కూడా నేనే. నాకు వచ్చిన బొమ్మలు రెండు అంకెతో బాతు, మూడు అంకెతో కోడిపిల్ల. మరి నేనేం నేర్పను?

గ్రేడ్ల గుట్టు కూడా విప్పేస్తాను, తిట్టుకోకండి. ఆర్ట్ అండ్ కల్చరల్ ఎడ్యుకేషన్ అని రిజిస్టర్‌లో ఒక గడి ఉంటుంది. టర్మ్ చివర ఒక్క మధ్యాహ్నం కూర్చుని మొత్తం నింపేయడమే. నెమ్మదైన పిల్లలకి ఏ, అల్లరి పిల్లలకి బి. అందులో బొమ్మ ఎక్కడుంది?

ఒక్క రోజు మాత్రం బాగా జరిగింది. క్రేయాన్లు లేవు. పసుపు నీళ్లలో కలిపి పెట్టాం. ఒక పాప అందులో చిటికెడు సున్నం వేయగానే ఎర్రబడింది. క్లాసంతా ఒక్క అరుపు. తర్వాత చిక్కుడాకు పసరు, బొగ్గు, ఎర్రమట్టి. బెండకాయ అడ్డంగా కోసి అచ్చులు వేశారు. ఆ కోసిన ముక్కలో ఐదు గదులు ఉన్నాయని వాళ్లే లెక్కపెట్టి చెప్పారు. ఆ రోజు నేను బోర్డు మీద ఒక్క గీతా గీయలేదు.

లెక్కలే_ముఖ్యం
లెక్కపెట్టారు అన్నారు, సంతోషం. కానీ అలాంటి రోజు ఏడాదికి ఎన్ని వస్తాయి టీచర్ గారూ?

చాక్‌పీసు
రెండు. నిజం చెప్పాలి కదా.

థేమ్స్_ఒడ్డున
రెడింగ్ నుంచి. ఇంగ్లండ్‌లో ఆర్ట్ అండ్ డిజైన్ ప్రైమరీలో తప్పనిసరి సబ్జెక్టు. ఏడేళ్ల నుంచి పదకొండు దాకా స్కెచ్ బుక్ ఉండాలని కరికులమ్‌లోనే ఉంది. చూసింది అందులో గీసుకోవాలి, తర్వాత మళ్లీ తెరిచి సరిచూసుకోవాలి. ఆరో ఏడాది చివర వచ్చే జాతీయ పరీక్షలు ఇంగ్లిష్, లెక్కల్లోనే. ఇదంతా విని ఇక్కడ స్వర్గం అనుకోకండి. మావాడి క్లాసులో ఎక్కువగా క్లాస్ టీచరే చెబుతుంది, పరీక్షల ముందు ఆర్ట్ మధ్యాహ్నాలు మాయం. ఓసారి స్కూలుకి వెళ్తే గోడ మీద ముప్పై వాన్ గో పొద్దుతిరుగుడు పూలు, ముప్పై ఒకేలా ఉన్నాయి. మాస్టారి రెండు కొండలకీ వీటికీ తేడా ఖరీదైన రంగులే.

హయ్యర్‌గ్రేడ్_మాస్టారు
ముగ్గు అమ్మాయికి జవాబు బాకీ ఉన్నాను. అమ్మా, నీ అమ్మమ్మ తప్పిన ముగ్గు చెరిపింది, నిజమే. చెరిపాక మళ్లీ వేయించింది. ఎర్ర ఇంకు ఆ పని చేయదు, అక్కడే ఉండిపోతుంది. నేను పట్టు వద్దనను. ఒకటో తరగతిలో వద్దంటాను, ఐదో తరగతిలో కావాలంటాను. తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి పిల్లలకే 'నిజంలా రావట్లేదు' అన్న బాధ మొదలవుతుంది. అప్పుడు చేయి పట్టుకుని నేర్పకపోతే చాలామంది పెన్సిల్ పడేస్తారు. ఐదో తరగతి పిల్లల్ని ఓసారి రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్లాను. ఆయన 1925లో, ముప్పై ఏళ్లు నిండకుండానే పోయాడు. ఒక పిల్లాడు పటం ముందు నిలబడి "సార్, ఈయన మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టి వేశాడా?" అన్నాడు. ఆ ప్రశ్న పుట్టాక బోర్డు మీద ఎంత గీసి చూపించినా పరవాలేదు.

చుక్కలముగ్గు
వయసుని బట్టి అంటే సరే. కానీ మూడో తరగతి పిల్లలకి రంగు కలపడమైనా చెప్పాలిగా. వంకాయ రంగు ఏనుగు పాప ఊహా, పొరపాటా? ఎవరైనా అడిగారా?

మూడోక్లాసు_అమ్మ
సిగ్గుపడుతూ చెబుతున్నాను, నేనూ అడగలేదు. ఇది చదివాక ఇప్పుడు అడిగాను. పాప క్రేయాన్ల పెట్టె తెచ్చి చూపించింది. పన్నెండు రంగుల పెట్టె. బూడిద రంగే లేదు! "నల్లగా వేస్తే దున్నపోతు అనుకుంటారని ఇది వేశా" అంది.

చాక్‌పీసు
అయ్యో. ఆ 'సి' ఇవ్వాల్సింది క్రేయాన్ల కంపెనీకి.

చుక్కలముగ్గు
నేను చెప్పేదీ అదే! నల్ల క్రేయాన్ పల్చగా రాసి, పైన తెల్లది గట్టిగా రుద్దితే బూడిద రంగు వస్తుంది. రెండు నిమిషాల పని. అది నేర్పకుండా గ్రేడ్ వేశారు.

హయ్యర్‌గ్రేడ్_మాస్టారు
ఇక్కడ నీతో నాకు పేచీ లేదమ్మా. నేర్పినదానికే గ్రేడ్ వేయాలి, నేర్పనిదానికి వేసే హక్కు లేదు. అయినా దున్నపోతు అనుకుంటారని ఆలోచించి రంగు మార్చిన పిల్లకి నేనైతే ఏ ఇచ్చేవాణ్ణి.

లెక్కలే_ముఖ్యం
సరే, దున్నపోతు పాయింటు నాకూ నచ్చింది. భాగహారం మాత్రం అలాగే ఉంది.

మూడోక్లాసు_అమ్మ
ఇద్దరం కూర్చుని నలుపు మీద తెలుపు రుద్దాం. చేతులూ, గచ్చూ నల్లబడ్డాయి, ఏనుగు మాత్రం బూడిద రంగులోకి వచ్చింది. ఈసారి మరీ పెద్దగా మొదలుపెట్టింది, తొండానికి చోటు చాల్లేదు. కాగితం వెనక్కి తిప్పి మిగతా తొండం అక్కడ వేసింది. ఏనుగు ఫొటో ఇదిగో పెడుతున్నాను.

హయ్యర్‌గ్రేడ్_మాస్టారు
వెనక వైపు ఫొటో కూడా పెట్టమ్మా.