బూర్గుల వారి వకీలు రోజుల గురించి ఎవరికైనా తెలుసా?

బూర్గుల రామకృష్ణారావు గారు 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారని, తర్వాత కేరళ, ఉత్తరప్రదేశ్‌లకు గవర్నర్‌గా వెళ్లారని ఎక్కడ చూసినా ఉంటుంది. నాకు కావలసింది అంతకు ముందు సంగతి, హైదరాబాద్‌లో ఆయన వకీలుగా ఉన్న రోజులు. పి.వి. నరసింహారావు గారు ఆయన దగ్గరే జూనియర్‌గా చేశారు కదా!

మా తాతయ్య ట్రంకు పెట్టెలో ఆ కాలపు వకాలత్‌నామా ఒకటి దొరికింది. మడతల దగ్గర చిరిగింది, స్టాంపు మాత్రం చెక్కుచెదరలేదు. అంతా ఉర్దూ, అదీ గొలుసుకట్టు రాత. మా వీధి మౌల్వీ గారు రెండు లైన్లు చదివి కళ్లజోడు తీసేశారు.

పాతబస్తీలో ఇలాంటి కోర్టు ఉర్దూ చదివి పెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా? 1952 నాటి అసెంబ్లీ చర్చల ప్రతులు బయటివాళ్లను చూడనిస్తారా, లెటర్ ఏమైనా పట్టుకెళ్లాలా?