అప్‌డేట్: గుండెకు మంచిదని మావయ్య రోజూ వేసే పెగ్గు సంగతి

రోజూ ఒక పెగ్గు గుండెకు మంచిదని మావయ్య అంటున్నారు, నిజమేనా అని పర్లాకిమిడి నుంచి అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ముందు రక్తపరీక్షలు చేయించమన్న సలహానే పనికొచ్చింది. బరంపురంలో డాక్టర్ గారు చూసి ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు), బీపీ రెండూ ఎక్కువున్నాయి, మద్యం ఈ రెండింటినీ పెంచుతుంది, మానేయండి అన్నారు. మరి మేలు చేస్తుందన్న మాట ఎక్కడిదంటే, పాత పరిశోధనలు కొన్నింట్లో జబ్బు చేసి మానేసినవాళ్లని కూడా తాగనివాళ్ల లెక్కలో కలిపేశారు, దాంతో కొద్దిగా తాగేవాళ్లే ఆరోగ్యంగా కనిపించారు. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. బ్రాండీనా, వైనా, ఇప్పసారానా అన్న చర్చ అనవసరం, అన్నిట్లోనూ ఉండేది ఇథనాల్ అనే ఆల్కహాలే. రోజూ బాగా ఎక్కువ తాగేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఒక్కసారిగా ఆపొద్దు, ఫిట్స్ రావచ్చు. మావయ్య మానేశారు, బీపీ తగ్గింది.