సింధు నాగరికత వాళ్లు వానలు తగ్గాక ఏం చేశారు? అందరూ చనిపోయారా?

బుజ్జిగాడి అమ్మ:
మావాడు ఆరో తరగతి. నిన్న రాత్రి సోషల్ చదివిస్తుంటే వానలు తగ్గి, నదులు దారి మళ్లి సింధు నాగరికత అంతరించిందని పాఠంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. వాడు పెన్సిల్ పక్కన పెట్టి "అందరూ చచ్చిపోయారా అమ్మా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. మొహెంజోదారోలో వందల బావులు తవ్వుకున్నవాళ్లు, వీధి వీధికీ మురుగు కాలవ కట్టుకున్నవాళ్లు, వాన రాకపోతే చేతులు కట్టుకుని కూర్చున్నారంటే నాకూ నమ్మబుద్ధి కావట్లేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాత ఇటుక:
చనిపోలేదండీ, బాబుకి ముందు ఆ మాట చెప్పండి. కరువు మాత్రం నిజం. మేఘాలయలో మావ్‌మ్లు అనే గుహ ఉంది, అందులో నీటి చుక్కలు పడి పడి నేల మీంచి పెరిగిన సున్నపు స్తంభం పొరలు పరీక్షిస్తే సుమారు 4200 ఏళ్ల క్రితం వానలు బాగా దెబ్బతిన్నట్టు తేలింది. అందుకే ఆ కాలం నుంచి ఇప్పటిదాకా ఉన్న భూగర్భ యుగానికి 2018లో మేఘాలయన్ అని పేరు పెట్టారు. హర్యానాలో కోట్లా దహర్ అనే పాత చెరువు అడుగున దొరికిన నత్త గుల్లలు కూడా దాదాపు అదే మాట చెప్పాయి. అయితే ఇది తుఫానులా ఒక్క రాత్రిలో వచ్చి పడింది కాదు, తరాల తరబడి సాగింది. తాత చూసిన వాన మనవడు చూడలేదు, అంతే.

పెద్ద నగరాలు బాగా నడిచింది క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా. ఆ తర్వాత ఇప్పటి పాకిస్తాన్‌లోని సింధ్, చోలిస్తాన్ వైపు ఊళ్లు పలచబడితే, తూర్పున హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ వైపు చిన్న చిన్న ఊళ్లు ఎన్నో కొత్తగా వెలిశాయి. అటు వాన కాస్త నమ్మకంగా పడేది. అందరూ ఒకేసారి మూటాముల్లె సర్దుకుని బయల్దేరి ఉంటారని నేను అనుకోను. ఒక కొడుకు వెళ్లి ఉంటాడు, ఇంకో పదేళ్లకి మేనల్లుడు, అలా.

సీమ రైతు:
మాది అనంతపురం జిల్లా కాబట్టి పంటల సంగతి నేను చెప్తానమ్మా. గోధుమ, బార్లీ రబీ పంటలు, వాటికి చలికాలంలో తేమ కావాలి. హర్యానాలో రాఖీగఢీ అనే సింధు నాగరికత నగరం చుట్టుపక్కల పల్లెల్లో తవ్వితే వాటితోపాటు చిరుధాన్యాలు, వరి, పెసలు, మినుములు, ఉలవలు కూడా దొరికాయి. నాకు బాగా నచ్చిన సంగతేంటంటే, కరువు వచ్చాక కంగారుపడి మొదలుపెట్టినవి కావు, అంతకుముందు నుంచే వానాకాలం, చలికాలం రెండు కార్లూ పండించేవాళ్లు. తర్వాత వానను బట్టి దేన్ని ఎక్కువ వేయాలో మార్చుకోవడానికి విత్తనమూ, అలవాటూ రెండూ చేతిలో ఉన్నాయి. మా నాన్న వేరుశనగ సాళ్ల మధ్య కంది, అలసంద, కాస్త జొన్న వేసేవాడు. వేరుశనగ కాయ పట్టడానికి ఊడలు నేలలోకి దిగే టైముకి వాన మొహం చాటేస్తే కాయ పోయేది, కంది మిగిలేది. మేం పొలమంతా వేరుశనగే వేసిన ఏడు ఏమీ మిగల్లేదు, ఆ సంవత్సరం ఇంట్లో పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

భుజ్‌లో తెలుగోడు:
అక్కా, నేను పని మీద గుజరాత్‌లోని కచ్‌లో ఉంటున్నా, ఇక్కడి సింధు నాగరికత నగరం ధోలావీరా రెండుసార్లు చూశా. రణ్ మధ్యలో ద్వీపంలాంటి చోటు, చుట్టూ ఉప్పు నేల. ఏడాది పొడుగునా పారే నది లేదు, మన్సర్, మన్హర్ అని రెండు వాగులు, అవీ వానాకాలంలోనే. వాటికి అడ్డంగా కట్టలు వేసి నీళ్లను మళ్లించి, ఊరి చుట్టూ పెద్ద పెద్ద చెరువులు నింపుకున్నారు. తూర్పు వైపు చెరువు ఒక్కటే 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు. మెట్లు దిగి అడుగుదాకా వెళ్తే పైన మనుషులు చిన్నగా కనిపిస్తారు. అంటే వాళ్లు నీటి ఎద్దడికి కొత్తవాళ్లు కాదు, మొదటి నుంచీ ప్రతి చుక్కా లెక్క చూసుకుని బతికినవాళ్లు.

అక్కడ తవ్వకాలు చేయించిన ఆర్.ఎస్. బిష్ట్ ఆ ఊరి చరిత్రను ఏడు దశలుగా చెప్పారు. చివరికొచ్చేసరికి నగరం కుంచించుకుపోయింది, తర్వాత ఖాళీ అయింది, కొంతకాలానికి మళ్లీ మనుషులు వచ్చి ఆ శిథిలాల మీదే గుండ్రటి ఇళ్లు కట్టుకున్నారు. కచ్ పల్లెల్లో ఈరోజుకీ గుండ్రటి ఇళ్లు ఉన్నాయి, భుంగా అంటారు. కోట గోడల పక్కన ఆ చిన్న గుండ్రటి పునాదులు చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

మాధవి:
అన్నీ ఒప్పుకుంటాను గానీ, "సర్దుకుపోయారు" అని తేలిగ్గా చెప్పేస్తే పిల్లాడికి సగమే చెప్పినట్టు. ఊళ్లతోపాటు ముద్రలు పోయాయి, అన్ని నగరాల్లో ఒకే లెక్కలో తూగిన తూకపు రాళ్లు పోయాయి, రాత పోయింది, దాన్ని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. హరప్పాలో చివరి కాలపు సమాధుల్లోని ఎముకలు పరీక్షిస్తే కుష్టు, క్షయ లాంటి జబ్బులు ముందుకంటే పెరిగినట్టు తేలింది, దెబ్బలు తిన్న పుర్రెలు కూడా ఉన్నాయి. వెళ్లగలిగినవాళ్లు తూర్పుకి వెళ్లారు. కదల్లేనివాళ్లు, కదలడానికి ఏమీ లేనివాళ్లు అక్కడే ఉండి ఇవన్నీ పడ్డారని నాకనిపిస్తుంది.

పాత ఇటుక:
మాధవి గారు చెప్పింది నిజం. నేను వెళ్లినవాళ్ల గురించే రాశాను, ఉండిపోయినవాళ్లని వదిలేశాను.

బుజ్జిగాడి అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. మాధవి గారు రాసింది కూడా మావాడికి దాచకుండా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఉండిపోయినవాళ్లకి ఎవరు అన్నం పెట్టారు?" అని అడిగాడు. ఇప్పుడు నోట్‌బుక్ వెనక పేజీలో చెరువు, పక్కన గుండ్రటి ఇల్లు గీస్తున్నాడు. తమ్ముడూ, ధోలావీరాకి పిల్లల్ని తీసుకురావాలంటే ఎప్పుడు బాగుంటుంది?

భుజ్‌లో తెలుగోడు:
డిసెంబర్, జనవరి అక్కా. ఎండాకాలం అసలు వద్దు, రాయి మీద కాలు పెట్టలేం. భుజ్‌లో దిగి ఖావ్డా మీదుగా రండి, తెల్లటి రణ్ మధ్యలోంచి రోడ్డు పడింది. మంచినీళ్లు ఎక్కువే పెట్టుకోండి.