తండ్రి కొట్టేవాడని కొడుకు సంబంధం కాదనవచ్చా?

మారతహళ్ళి సభ్యురాలు:
మా అక్క కూతురికి బెంగళూరులోనే ఉద్యోగం చేస్తున్న అబ్బాయి సంబంధం వచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. అయితే అతని తండ్రి ఏళ్ళ తరబడి భార్యాపిల్లలను కొట్టేవాడని వారి ఊరివాళ్ళ ద్వారా తెలిసింది. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అని మా బావగారు వద్దంటున్నారు. ఇది న్యాయమేనా?

జయనగర్ సభ్యుడు:
ముందు పిల్ల క్షేమం చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో 18–49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో నూటికి 44 మంది భర్త చేతి హింసను చవిచూశారు. తండ్రి తల్లిని కొట్టడం చూసి పెరిగిన స్త్రీలకే ఈ బాధ ఎక్కువని కూడా ఆ సర్వే చెబుతోంది. కళ్ళారా చూసి పెరిగినది ఊరికే పోదు. నేనైతే ఆ సంబంధం చేయను.

యలహంక సభ్యురాలు:
అయ్యా, మీరు చూపిన రెండో సంగతి అలాంటి ఇళ్ళలో పెరిగిన ఆడపిల్లల గురించి. మీ తర్కం ప్రకారం వాళ్ళనూ ఎవరూ చేసుకోకూడదు. నేను అలాంటి ఇంటి పిల్లనే.

బాల్యంలో హింసకు గురైన తల్లిదండ్రులలో నూటికి సుమారు 30 మంది తమ పిల్లలను హింసిస్తారని 1987లో కాఫ్‌మన్, జిగ్లర్ అనే అమెరికా పరిశోధకులు అంచనా వేశారు. మామూలు జనంలో అది 5 మాత్రమేనని వారి లెక్క కనుక ముప్పు ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటాను, కానీ మిగిలిన 70 మందిని మన సామెత లెక్కలోకే తీసుకోదు. మరుసటి ఏడాది అమెరికాలోనే మిన్నెసోటాలో ఎగ్లాండ్ అనే పరిశోధకుడి బృందం, తాము దెబ్బలు తిని పెరిగినా పిల్లలపై చేయి ఎత్తని తల్లులను పరిశీలించినప్పుడు, చిన్నతనంలో ఆదరించిన మరో పెద్ద మనిషి, మానసిక చికిత్స, అండగా నిలిచే జీవిత భాగస్వామి వారి జీవితాల్లో కనిపించాయి. నాకు మా అమ్మమ్మ ఉంది. నాన్న చేసింది తప్పని ఆ ఇంట్లో పైకి అన్నది ఆమె ఒక్కతే.

నా అనుభవంలో ఒక తరం నుంచి మరో తరానికి దెబ్బకన్నా ముందు చేరేది "ఆమె నోరు పారేసుకుంది కనుకే కొట్టాడు" అన్న సమర్థన. అందుచేత తండ్రి చేసిన దాని గురించి అబ్బాయినే అడగండి. "నాన్న కొట్టబట్టే బాగుపడ్డాం" అంటే నేనూ వద్దనే అంటాను.

జయనగర్ సభ్యుడు:
అమ్మా, మీరు నొచ్చుకునేలా రాసినందుకు మన్నించండి. అయినా పెళ్ళిచూపుల్లో ఎవరైనా మంచి మాటే చెబుతారు.

యలహంక సభ్యురాలు:
నిజమే. అందుకే అతని తల్లిని, అక్కచెల్లెళ్ళను విడిగా కలవమంటాను. అతను పెద్దవాడయ్యాక తండ్రి చేయి ఎత్తినప్పుడు అడ్డు వెళ్ళాడా లేదా అన్నది వాళ్ళకు తెలుసు.

మారతహళ్ళి సభ్యురాలు:
ఈ ఆదివారం అక్కతో కలిసి వాళ్ళమ్మగారి దగ్గరికి వెళుతున్నాను. బావగారికి ఇంకా చెప్పలేదు.