ఏడవని మనిషిని ఊరుకోమనడం

నిన్న ఒకరు ‘సైలెన్స్‌కి మన మాట ఏది’ అని అడిగితే చాలామంది మౌనం, నిశ్శబ్దం అన్నారు. రెండూ సంస్కృతమే. ముని తీరు మౌనం. శబ్దం లేకపోతే నిశ్శబ్దం. అది అర్ధరాత్రి వీధికి సరిపోతుంది గానీ అలిగి కూర్చున్న మనిషికి సరిపోదు. నేనైతే ‘ఊరుకోవడం’ అంటాను.

‘ఊరక’ అంటే ఉత్తినే, కారణం లేకుండా. పోతన ‘ఊరక రారు మహాత్ములు’ అన్నది ఈ అర్థంలోనే. దానికి ‘ఉండు’ చేరితే ఊరకుండు, అంటే మాట్లాడకు అని. ఇక ‘ఇన్నాళ్లూ ఊరుకున్నాను’ అంటే ఓర్పు, ‘ఊరుకోను’ అంటే బెదిరింపు. ఎవరైనా మరీ పొగిడితే ‘ఊరుకోండి’ అని సిగ్గుపడతాం.

ఈ మాట లోతు నాకు తెలిసింది మాత్రం 2018 అక్టోబరు 11న. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా తోటకి వెళ్లేసరికి జీడిచెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి, కొబ్బరిచెట్లు మొదలంటా విరిగిపోయాయి. అమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు, నోరు మెదపలేదు. పక్క తోట పెద్దమ్మ వచ్చి, భుజం మీద చెయ్యేసి, ‘ఊరుకోయే, ఏటి సేస్తాం, పల్లకో’ అంది. మా వైపు ‘పల్లకో’ అన్నా ఊరుకో అనే. పలుకే లేని మనిషిని ఊరుకోమంటుందేమిటా అనుకున్నాను. అమ్మ అప్పుడు బావురుమంది. పెద్దమ్మ ఆపలేదు. తనూ ఏడుస్తూ, ‘ఊరుకో, ఊరుకో’ అని వీపు నిమురుతూనే ఉంది.

ఊరట, ఊరడింపు అని పలికి చూడండి. నా చెవికి వాటిలోనూ ఆ ‘ఊర’ వినిపిస్తుంది.

— (ఒకరి వ్యాఖ్య) మాది విజయనగరం. మా ఇంట్లో ‘పల్లకో’ అంటే గదమాయింపేనండీ. నాన్నగారు ఆ మాటన్నాక ఇంట్లో ఎవరూ కిక్కురుమనేవారు కాదు.

— (నా జవాబు) మా ఇంట్లోనూ పిల్లల మీద అలాగే వాడతారండీ. ‘పల్లకోరా!’ అంటే దెబ్బ పడే ముందు మాట. పెద్దమ్మ ‘పల్లకో’లో ఆ ‘కో’ని బాగా సాగదీసింది, రాతలో అది చూపించలేకపోయాను. చిత్తూరు వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పండి: మీ ‘గమ్మునుండు’ని చావింట్లో ఏడుస్తున్న మనిషితో అంటారా, లేక అక్కడ మీకు వేరే మాట ఉందా?