పాల ఎలర్జీ ఉన్న పాపకు ప్రోబయోటిక్ చుక్కలు వేస్తే సరిపోతుందా?

చిట్టితల్లి అమ్మ:
పాపకు నాలుగో నెల. తల్లిపాలు మాత్రమే తాగినన్నాళ్లూ బాగానే ఉంది. డబ్బా పాలు కలిపి పట్టడం మొదలుపెట్టాక విరేచనంలో జిగట, నెత్తురు చారలు కనిపిస్తున్నాయి. డాక్టరుగారు ఆవుపాల ప్రొటీన్ ఎలర్జీ అని చెప్పి, ఎక్స్‌టెన్సివ్లీ హైడ్రోలైజ్డ్ ఫార్ములా రాశారు. పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగితే ఎలర్జీ పోతుందంటున్నారు కదా, చుక్కలు వేస్తూ పాత డబ్బానే పట్టొచ్చా? పోనీ లాక్టోజ్ లేని డబ్బా, లేదా మేకపాలు?

శిశు పోషణ:
పాత డబ్బా ఈ రోజే ఆపండి. లాక్టోజ్ లేని డబ్బాలో తీసేసేది పాల చక్కెరను. ఎలర్జీ తెచ్చే కేసీన్, వే ప్రొటీన్లు అందులో అలాగే ఉంటాయి. మేక, గేదె, గొర్రె పాలలోని ప్రొటీన్లు కూడా ఆవుపాల ప్రొటీన్లకు చాలా దగ్గరగా ఉంటాయి, అవీ వద్దు. హైడ్రోలైజ్డ్ ఫార్ములాలో ఈ ప్రొటీన్లను చిన్న ముక్కలుగా విరగ్గొడతారు. అది చేదుగా ఉంటుంది, విరేచనం ఆకుపచ్చగా, పల్చగా అవుతుంది, కంగారు పడకండి. అదీ పడని కొద్దిమందికి అమైనో ఆమ్లాల ఫార్ములా ఇస్తారు.

తల్లిపాలు మానొద్దు. వాటితోనే ఇబ్బంది ఉంటే తప్ప మీరు పాలు, పెరుగు మానేయక్కర్లేదు. మానాల్సి వస్తే రోజుకు సుమారు 1000 మి.గ్రా. కాల్షియం, విటమిన్ డి అందేలా చూసుకోవాలి.

చాలామంది వదిలేసే మెట్టు ఒకటుంది. 2 నుంచి 4 వారాల్లో లక్షణాలు తగ్గాక, డాక్టరు చెప్పిన పద్ధతిలో ఆవుపాల ప్రొటీన్ మళ్లీ ఇచ్చి చూడాలి. నెత్తురు చారలు కొందరిలో వాటంతటవే పోతాయి. ఈ పరీక్ష చేయకపోతే ఎలర్జీ లేని బిడ్డ కూడా ఏళ్ల తరబడి పాలకు దూరమవుతుంది. అయితే పాలు తాగిన రెండు గంటల్లోపు దద్దుర్లు, పిల్లికూతలు వచ్చినా, ఒకటి నుంచి నాలుగు గంటల మధ్య ఆగకుండా వాంతులై బిడ్డ పాలిపోయినా, ఇంట్లో అసలు ప్రయత్నించకండి. ఊపిరి ఇబ్బందైనా, బిడ్డ వాడిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పేగు జీవులు:
బ్యాక్టీరియా సంగతి వట్టి మాట కాదు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, 3 నుంచి 6 నెలల వయసులో మలంలో క్లాస్ట్రీడియా అనే బ్యాక్టీరియా వర్గం ఎక్కువగా ఉండటానికీ, ఎనిమిదేళ్లలోపు పాల ఎలర్జీ పోవడానికీ సంబంధం కనిపించింది. 2019లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో ఆ వర్గంలోని అనైరోస్టైప్స్ కాకే అనే ఒక్క జాతే పాల ఎలర్జీ నుంచి కాపాడింది. ఈ వర్గంలో చాలా జాతులు బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పేగు గోడకు అదే మేత, రోగనిరోధక వ్యవస్థ పాలను శత్రువుగా చూడకుండా ఉండటానికీ తోడ్పడుతుంది.

కానీ బజారు చుక్కల్లో మామూలుగా ఉండేవి ఇవి కావు, లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం. కేసీన్ హైడ్రోలైజ్డ్ ఫార్ములాతో పాటు ఎల్‌జీజీ అనే లాక్టోబాసిల్లస్ రకం ఇస్తే పాలు త్వరగా పడతాయని ఇటలీలో చేసిన ప్రయోగాల్లో తేలింది. నిపుణులందరూ దీన్ని తిరుగులేని రుజువుగా ఒప్పుకోరు. ఆ ఫలితం ఆ రకానిదే, ఏ సీసాకైనా అంటగట్టలేం. తల్లిపాలలోని ప్రత్యేక చక్కెరలు బిఫిడో జాతులకు నేరుగా ఆహారం, అందుకే తల్లిపాలు కొనసాగడమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. అవసరం లేని యాంటీబయాటిక్స్ జోలికి పోకండి.

చుక్కలు కొనేముందు లేబుల్ చదవండి. కొన్ని రకాలను పాల మాధ్యమంలో పెంచుతారు, చుక్కల్లో కాస్త పాల ప్రొటీన్ మిగిలిపోవచ్చు.

చిట్టితల్లి అమ్మ:
ఫార్ములా 70 డిగ్రీల నీళ్లతో కలపమంటారు కదా. ఎల్‌జీజీ చచ్చిపోదా?

పేగు జీవులు:
చచ్చిపోతుంది. పొడిలో ఉండగల క్రోనోబ్యాక్టర్ అనే ప్రమాదకర బ్యాక్టీరియాను చంపడానికే ఆ వేడి, అది మంచిచెడు చూడదు. ఎల్‌జీజీ ముందే కలిపిన డబ్బాకు నీళ్లు మరిగించి చల్లార్చి కలపమని లేబుల్ మీదే ఉంటుంది, ఆ డబ్బాకు దాన్నే పాటించాలి. మామూలు హైడ్రోలైజ్డ్ పొడి అయితే 70 డిగ్రీల నీళ్లతో కలిపి, గోరువెచ్చగా అయ్యాక పట్టండి, డాక్టరు చుక్కలు రాస్తే విడిగా చెంచాతో వేయండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, రోగనిరోధక శక్తి లోపం ఉన్నవారికి బతికున్న బ్యాక్టీరియాను సొంతంగా ఇవ్వొద్దు, రక్తంలోకి చేరి ప్రాణం మీదికి రావచ్చు. 2023లో అమెరికా ఎఫ్‌డీఏ నెలలు నిండని శిశువుల విషయంలో ఇదే హెచ్చరించింది.