సన్నని ల్యాప్‌టాప్‌లలో పోర్టుల కోత: మీ పనికి ఏది అడ్డం వచ్చింది?

గుంటూరు అధ్యాపకుడు:
నేను ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతాను. రోజూ విజయవాడ నుంచి గుంటూరుకు రైలులో వెళ్లి వస్తాను. రెండు కిలోలు దాటిన పాత ల్యాప్‌టాప్‌ను భుజాన మోయడం ఇక నావల్ల కాదని నిశ్చయించుకుని, పన్నెండు మిల్లీమీటర్ల మందం కూడా లేని ఒక మోడల్ చూశాను. దానికి ఉన్నవి రెండు సీ పోర్టులు (కొత్త ఫోన్లకు ఉండే యూఎస్‌బీ-సీ రకం), ఒక హెడ్‌ఫోన్ రంధ్రం మాత్రమే. మా తరగతి గదుల్లో సగం ప్రొజెక్టర్లకు ఇప్పటికీ వీజీఏ తీగే దిక్కు, మిగిలిన వాటికి హెచ్‌డీఎంఐ. విద్యార్థులు ప్రాజెక్టులను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇస్తారు. ఇలాంటి ల్యాప్‌టాప్‌ను ఏడాదికి పైగా వాడినవారు, ఏ పని దగ్గర చేతులు కట్టేసినట్లయిందో చెప్పగలరా? ప్రకటనల్లో రాసేది నేను చదివే ఉన్నాను. నాకు కావలసింది మీ అనుభవం.

విజయవాడ ఆడిటరు:
మా వృత్తిలో ఉన్నవారికి ఈ ప్రశ్న చాలా సూటిగా తగులుతుంది. డిజిటల్ సంతకం ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో రహస్య తాళం ఆ టోకెన్ దాటి బయటకు రాదు. దాని భద్రత అంతా అందులోనే ఉంది. కాబట్టి సంతకం చేయాలంటే ఆ వస్తువును ల్యాప్‌టాప్‌కు గుచ్చి తీరాలి, వేరే దారి లేదు. మా కార్యాలయంలోని పెట్టెలో ఉన్న టోకెన్లు దాదాపు అన్నీ మామూలు పెన్‌డ్రైవ్‌లకు ఉండే పాత యూఎస్‌బీ-ఏ రకం ప్లగ్గువే. కంపెనీల దస్త్రాలు దాఖలు చేసేటప్పుడు డైరెక్టరు టోకెన్, మా టోకెన్ ఒకదాని వెంట ఒకటి పెట్టవలసి వస్తుంది. చవక హబ్‌లో (ఒక పోర్టును పలు పోర్టులుగా పంచే పెట్టెలో) గుచ్చినప్పుడు చేయి తగిలి అది కాస్త కదిలితే చాలు, టోకెన్ కనబడటం లేదని పోర్టల్ మొరాయిస్తుంది, మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి. సెప్టెంబరు 30వ తేదీ దగ్గర పడి, ట్యాక్స్ ఆడిట్ నివేదికల కోసం అందరూ ఒకేసారి పోర్టల్ మీద పడిన రాత్రి ఆ ఒక్క కదలిక విలువ ఎంతో మా సహాయకులను అడగండి. రెండు యూఎస్‌బీ-ఏ పోర్టులు లేని ల్యాప్‌టాప్ ఎంత అందంగా ఉన్నా నేను కొనను.

డల్లాస్ నివాసి:
ఆడిటరు గారి ఇబ్బందిని నేను కాదనను గాని, ప్రతి పదేళ్లకు ఒకసారి ఇదే వాదన తిరిగి వస్తోందని గుర్తు చేయాలనిపిస్తోంది. 2008 జనవరిలో ఆపిల్ వారి మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను కాగితపు కవరులోంచి బయటకు తీసి చూపించినప్పుడు దానికి ఉన్నది ఒకే ఒక యూఎస్‌బీ పోర్టు. ఇంటర్నెట్ తీగ గుచ్చే లాన్ పోర్టు లేదు, డీవీడీ డ్రైవ్ లేదు. డీవీడీ లేకుండా సాఫ్ట్‌వేర్ ఎలా ఎక్కిస్తామని అప్పట్లో అందరూ విరుచుకుపడ్డారు. ఈనాడు ఆ డ్రైవ్ కోసం ఎవరైనా బాధపడుతున్నారా? మా ఇంట్లో బల్ల మీద ఒకే తీగ ఉంటుంది. దాన్ని గుచ్చితే ఛార్జింగ్, రెండు తెరలు, కీబోర్డు, ఇంటర్నెట్ తీగ, అన్నీ ఒక్కసారిగా అందుతాయి; ఆఫీసుకు బయలుదేరేటప్పుడు ఆ ఒక్కటి పీకితే సరిపోతుంది. పాత ల్యాప్‌టాప్‌కు అయిదు తీగలు తగిలించే రోజులకు నేను తిరిగి వెళ్లలేను.

హైదరాబాద్ నెట్‌వర్క్ ఇంజనీరు:
డల్లాస్ మిత్రులు చెప్పిన ఒకే తీగ సుఖం నిజమే, అయితే అది బల్ల ఉన్నవారి సుఖం. నేను పనిచేసేది సర్వర్ గదిలో నిలబడి, ఒక చేత్తో ల్యాప్‌టాప్ పట్టుకుని. నెట్‌వర్క్ స్విచ్‌లను సరిచేయడానికి తగిలించే కన్సోల్ తీగలు చాలావరకు ఇంకా పాత రకమే. ఇక లాన్ డాంగిల్ (లాన్ తీగను యూఎస్‌బీ పోర్టుకు కలిపే చిన్న పరికరం) విషయంలో చాలామందికి తెలియని చిక్కు ఒకటి ఉంది. కొన్ని సంస్థల్లో నెట్‌వర్క్‌లోకి రానిచ్చేది మ్యాక్ అడ్రస్‌ను, అంటే ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్యను చూసి. డాంగిల్ వాడినప్పుడు ఆ అడ్రస్ సాధారణంగా డాంగిల్‌ది, ల్యాప్‌టాప్‌ది కాదు. నలుగురు ఒకే డాంగిల్‌ను పంచుకుంటే నెట్‌వర్క్ కంటికి ఆ నలుగురూ ఒక్క మనిషే. డాంగిల్ మరిచి వచ్చినవాడు అసలు లేనట్టే. వ్యాపార అవసరాలకు చేసే కొన్ని ల్యాప్‌టాప్‌లు సొంత అడ్రస్‌నే డాంగిల్ ద్వారా పంపగలవు, కానీ ఆ సదుపాయం ఎక్కువగా ఆ సంస్థే అమ్మే డాంగిల్‌తోనే పనిచేస్తుంది.

మరొకటి. సీ పోర్టులు రెండున్నాయని అధ్యాపకులు గారు రాశారు. రెండూ ఒకటేనా అని అడిగారా? రంధ్రం ఆకారం చూసి లోపల ఏముందో చెప్పలేం. సెకనుకు 480 మెగాబిట్ల పాత వేగంతో సరిపెట్టుకునే సీ పోర్టు ఉంది, 40 గిగాబిట్లు పంపే సీ పోర్టూ ఉంది. ఒకటి తెరకు బొమ్మ పంపుతుంది, పక్కదానికి అది చేతకాదు. ఒకటి ఛార్జింగ్ తీసుకుంటుంది, మరొకటి తీసుకోదు. పక్కన మెరుపు గుర్తో, డిస్‌ప్లే గుర్తో ఉంటే మన అదృష్టం, లేకపోతే తయారీదారు ఇచ్చే పూర్తి వివరాల పట్టిక చదవవలసిందే. యూఎస్‌బీ-ఏ, హెచ్‌డీఎంఐ, లాన్ పోర్టులు ఉన్న రోజుల్లో ఆకారమే సమాధానం చెప్పేది. పోర్టుల సంఖ్య తగ్గిందన్న దానికంటే నాకు ఇదే పెద్ద నష్టం అనిపిస్తుంది.

వరంగల్ పెళ్లి ఫోటోగ్రాఫర్:
నా బాధ కెమెరా మెమరీ కార్డు గుచ్చే స్లాటు గురించి. ముహూర్తం తెల్లవారుజామున అయితే, మధ్యాహ్నం భోజనాల వేళకే కొన్ని ఫోటోలు చూపించమని పెళ్లివారు అడుగుతారు. మేము వాడే యూహెచ్‌ఎస్-2 కార్డు సిద్ధాంతరీత్యా సెకనుకు 312 మెగాబైట్ల దాకా ఇవ్వగల రకం. చవక హబ్‌లలో ఉండే స్లాటు సాధారణంగా యూహెచ్‌ఎస్-1, అంటే 104 దగ్గరే ఆగిపోతుంది. కార్డుకు పెట్టిన డబ్బు హబ్ దగ్గర నీళ్లపాలవుతుంది.

డీవీడీ పోలిక నాకు నచ్చలేదు. డీవీడీ పోవడానికి కారణం దాని పనిని ఇంటర్నెట్ చేయగలగడం. కార్డు స్లాటు పనిని ఏదీ తీసుకోలేదు, కెమెరాలో కార్డు ఇప్పటికీ ఉంది. ఆపిల్ సంస్థ స్వయంగా 2016లో మ్యాక్‌బుక్ ప్రో నుంచి హెచ్‌డీఎంఐని, కార్డు స్లాటును, అయస్కాంతపు ఛార్జరును తీసేసి, 2021లో మూడింటినీ తిరిగి తెచ్చింది. తీసేసిన 2016 నాటి 13 అంగుళాల మోడల్ మందం 14.9 మిల్లీమీటర్లు, తిరిగి తెచ్చిన 14 అంగుళాల మోడల్ మందం 15.5. అంటే మా రంగంలో వాళ్లు అయిదేళ్లు డాంగిల్ సంచులు మోసింది 0.6 మిల్లీమీటరు కోసమన్నమాట. కొత్తది బరువెక్కిన మాట నిజమే గాని, ఆ బరువుకు కారణం స్లాటు అని ఎవరూ అనలేరు.

కాకినాడ విద్యార్థిని:
హబ్ కొనేవారికి చిన్న సూచన. హబ్ పెట్టాక తెర మీద మౌస్ బాణం కుదుపులతో కదిలితే మౌస్‌ను తిట్టకండి. యూఎస్‌బీ 3 వేగంతో నడిచే పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. వైర్‌లెస్ మౌస్ కూడా మాట్లాడేది అక్కడే. హబ్‌ను కొంచెం దూరం జరిపితే లేదా మౌస్ రిసీవర్‌ను వేరే పక్కకు మారిస్తే సర్దుకుంటుంది. మా హాస్టల్‌లో ఈ కారణం తెలియక మంచి మౌస్‌లను పారేసినవాళ్లు ఉన్నారు. ఇంకో విషయం, 4కే తెర పెట్టుకునేవారు హబ్ అట్ట పెట్టె మీద 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారడం) అని ఉందో లేదో చూసుకోవాలి. పోర్టులోని నాలుగు వేగపు దారుల్లో రెండింటిని హబ్ డేటా కోసం తీసుకుంటే బొమ్మకు మిగిలేవి రెండే, పాత రకం హబ్‌లు వాటితో 30 మాత్రమే ఇవ్వగలవు.

సికింద్రాబాద్ మరమ్మతుదారు:
ఇక్కడి కంప్యూటర్ల బజారు సీటీసీలో చాలా ఏళ్లుగా బోర్డుల మీద చిప్ స్థాయి పని చేస్తున్నాను. అందరూ పోర్టుల లెక్క గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేను మరో వైపు నుంచి చెబుతాను. పోర్టు లేకపోతే డబ్బు పెట్టి హబ్ కొనుక్కోవచ్చు. అది చిరాకే గాని, తీరే చిరాకు. సన్నదనం కోసం లోపల పోగొట్టుకున్నవి ఏ దుకాణంలోనూ దొరకవు.

మొదటిది ర్యామ్. అతి సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేస్తున్నారు. దీన్ని పూర్తిగా దుర్బుద్ధి అనడం న్యాయం కాదు. తక్కువ కరెంటుతో ఎక్కువ వేగంగా నడిచే ఎల్‌పీడీడీఆర్ రకం ర్యామ్‌కు ప్రాసెసర్‌తో దూరం చాలా తక్కువగా ఉండాలి, పాత స్లాటు ఆ దూరాన్ని పెంచుతుంది. దీనికి విరుగుడుగా క్యామ్-2 అనే విప్పదగిన పద్ధతికి 2023 డిసెంబరులో మెమరీ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం వచ్చింది, మరుసటి ఏడాదే దానిలోని ఎల్‌పీడీడీఆర్ రకం లెనోవో వారి థింక్‌ప్యాడ్ పీ1లో కనిపించింది. అయితే మీరు చూసే సన్నని మోడళ్లలో దాన్ని వెతికితే నిరాశే మిగులుతుంది. 8 జీబీతో కొని, రెండేళ్ల తర్వాత పెంచమని నా దగ్గరకు వచ్చేవారికి నేను చెప్పగలిగింది కుదరదనే మాట ఒక్కటే. అలా వచ్చిన వారిలో ఎక్కువమంది దుకాణంలో అడిగింది పోర్టుల గురించి, ర్యామ్ గురించి కాదు.

రెండోది ఛార్జింగ్. సీ పోర్టును పదివేల సార్లు గుచ్చి తీయవచ్చని ప్రమాణం చెబుతుంది, పాత యూఎస్‌బీ-ఏ పోర్టుకు చెప్పింది 1,500 సార్లే. కాగితం మీద సీ గట్టిదే. కాని యూఎస్‌బీ-ఏ పోర్టు విరిగితే ఒక పెన్‌డ్రైవ్ పనిచేయదు, ఉన్న సీ పోర్టు పాడైతే ల్యాప్‌టాప్‌కు తిండే ఉండదు. మంచం మీద పడుకుని ఛార్జింగ్ తీగ మీద బరువు వేసేవారి పోర్టులోని నడిమి నాలుక వంగిపోయి నా దగ్గరకు వస్తుంది. కొన్ని మోడళ్లలో ఆ పోర్టు వేరే చిన్న బోర్డు మీద ఉంటుంది, మార్చడం తేలిక. ప్రధాన బోర్డు మీదే ఉంటే పని పెద్దది, ఖర్చు కూడా దానికి తగ్గట్టే. రెండు సీ పోర్టులూ ఒకే పక్కన ఉన్నాయా, చెరొక పక్కన ఉన్నాయా అన్నది కూడా చూసుకోండి. చెరొక పక్కన ఉంటే, గోడ ప్లగ్గు ఎటున్నా తీగ మెలిపడకుండా ఉంటుంది.

బ్యాటరీని స్క్రూలతో బిగించారా, జిగురుతో అతికించారా అన్నది మూడోది. ఇది కొనేముందే తెలుసుకోవచ్చు, విప్పి చూపించే వీడియోలు ఎన్నో ఉన్నాయి. వేసవిలో ఉబ్బిన బ్యాటరీని జిగురులోంచి పీకడం మాకూ భయమే.

ఇక నన్నడిగితే అసలు లెక్క మందం కాదు. అధ్యాపకులు గారి భుజానికి నొప్పి కలిగేది బరువు వల్ల, మందం వల్ల కాదు. 2022లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ మందం 11.3 మిల్లీమీటర్లు, బరువు 1.24 కిలోలు. అదే ఏడాది వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ మందం దాదాపు 15 మిల్లీమీటర్లు, బరువు 1.1 కిలోల చుట్టుపక్కల. మందంగా ఉన్నదే తేలిక, పైగా దానికి యూఎస్‌బీ-ఏ పోర్టులు రెండు, హెచ్‌డీఎంఐ ఒకటి, సీ పోర్టులు రెండు ఉన్నాయి. ఒకటి లోహపు చట్రం, మరొకటి కార్బన్ ఫైబరు, తేడా అక్కడుంది. సన్నదనం చూపులకు, తేలికదనం భుజానికి.

డల్లాస్ నివాసి:
మరమ్మతుదారు గారి లెక్కను ఒప్పుకుంటాను, ధర సంగతి కూడా చెప్పి ఉంటే బాగుండేది. ఎక్స్1 కార్బన్ కొత్తది కొనాలంటే అధ్యాపకులు గారి జీతంలోంచి ఎంత పోతుందో ఊహించగలను. మధ్యస్థ ధరలో దొరికే తేలిక ల్యాప్‌టాప్‌లలో పోర్టులు ఎక్కువ ఉన్నవి తెర నాణ్యతలోనో, బ్యాటరీలోనో కోత పెడతాయి. కోత ఎక్కడో ఒకచోట తప్పదు. నాకు పోర్టుల దగ్గర కోత అభ్యంతరం లేదు, అంతే. కానీ 2022లో డెల్ ఎక్స్‌పీఎస్ 13 నుంచి హెడ్‌ఫోన్ రంధ్రాన్ని కూడా తీసేయడాన్ని మాత్రం నేను సమర్థించలేను. దాన్ని తీసేసి ఏం సాధించారో నాకు అర్థం కాలేదు.

సికింద్రాబాద్ మరమ్మతుదారు:
ధర మాట నిజమే. సంస్థలు మూడేళ్లు వాడి వదిలేసిన ఎక్స్1 కార్బన్‌లు మా బజారుకు బాగానే వస్తాయి, సగం కంటే తక్కువకు దొరుకుతాయి. కొత్త బ్యాటరీ వేయించుకోవాలి, వాటిలోనూ ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది కాబట్టి 16 జీబీ ఉన్నదే ఏరుకోవాలి. రెండో చేతి వస్తువు వద్దనుకునేవారికి ఈ సలహా పనికిరాదు.

గుంటూరు అధ్యాపకుడు:
అందరికీ కృతజ్ఞతలు. నేను చూసిన మోడల్ పూర్తి వివరాలు మళ్లీ చదివాను: రెండు సీ పోర్టుల్లో బొమ్మ పంపేది ఒక్కటే, ఛార్జింగ్ తీసుకునేదీ అదే. అంటే ప్రొజెక్టరుకు తగిలిస్తే ఛార్జింగ్ ఉండదు, మధ్యలో హబ్ ఉంటే తప్ప. మూడు గంటల ల్యాబ్‌లో అది కుదిరే పని కాదు. హెచ్‌డీఎంఐ, ఒక యూఎస్‌బీ-ఏ పోర్టు ఉండి, 1.2 కిలోల లోపు బరువున్న మరో మోడల్ మీద మనసు పెట్టాను. మందం 16 మిల్లీమీటర్లు దాటినా ఫరవాలేదు. ర్యామ్ మార్చలేనిదే కాబట్టి మొదటే 16 జీబీ తీసుకుంటాను. చివరి సందేహం ఒకటి మిగిలింది. వీజీఏ ప్రొజెక్టర్ల కోసం హెచ్‌డీఎంఐ నుంచి మార్చే తీగ తీసుకోవాలా, సీ నుంచి మార్చేదా?

హైదరాబాద్ నెట్‌వర్క్ ఇంజనీరు:
బొమ్మ పంపే సీ పోర్టు ఖాళీగా ఉంటే సీ నుంచి మార్చేదే మేలు, ఎందుకంటే దానికి కావలసిన కరెంటు ఆ సీ పోర్టు నుంచే నిబ్బరంగా అందుతుంది. హెచ్‌డీఎంఐ సంకేతం డిజిటల్, వీజీఏది అనలాగ్. కాబట్టి మధ్యలో మార్పిడి చేసే చిప్ ఉండాలి, అది లేని ఉత్త తీగలు పనిచేయవు. ఆ చిప్‌కు హెచ్‌డీఎంఐ ఇచ్చే కొద్దిపాటి కరెంటు చాలక బొమ్మ వచ్చిపోతుంటే, పక్కన చిన్న విద్యుత్ రంధ్రం ఉన్న రకం తీసుకోవాలి. కాపీ రక్షణ ఉన్న వీడియోలు వీజీఏ మీదకు రాకపోవచ్చు. స్లైడ్లకు, ల్యాబ్ ప్రోగ్రాములకు ఆ ఇబ్బంది లేదు. ఛార్జింగ్ తీసుకునే పోర్టు వేరేగా ఉందో లేదో కొనేముందు దుకాణంలోనే రెండు తీగలూ గుచ్చి చూసుకోండి.